విశ్వాసం తక్కువైందా?

ప్రశ్న: వందనాలు అన్నయ్యా. మా ఆయనకి కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు డయాలసిస్, తెల్లారుజామునే ఫ్లాస్కూ దుప్పటీ పట్టుకుని బయల్దేరతాం, నాలుగ్గంటలు పక్కనే కూర్చుంటా. ఉపవాస ప్రార్థనలు చేశాం, ఏం మారలేదు. చర్చిలో అక్కలేమో నీకు విశ్వాసం చాల్లేదు అంటున్నారు. నేనసలు క్రైస్తవురాలినేనా?
- ఓ సోదరి, ఒంగోలు

జవాబు: వందనాలు చెల్లెమ్మా. బైబిల్లో బిడ్డల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, సరిగ్గా ఇలాంటి మాటే అతని స్నేహితులు ముగ్గురూ అన్నారు, నువ్వేదో తప్పు చేసుంటావ్ అందుకే ఇలా అయిందని, తీరా చూస్తే దేవుడి కోపం రగిలింది వాళ్ళ మీదే. అపొస్తలుడైన పౌలు కూడా తన శరీరంలో ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తియ్యలేదు, నా కృప చాలు అన్నాడంతే. మరి పౌలుకీ విశ్వాసం తక్కువేనంటారా ఆ అక్కలు? 88వ కీర్తన తీసి చదవండి, అంతా మొరే, ఆఖరికి చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు కదా. నన్నడిగితే ఆ నాలుగ్గంటలు కుర్చీలో కూర్చోవడమే మీ విశ్వాసం. డయాలసిస్ మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు. ఈసారి ఆ అక్కలొస్తే ఓ పూట మీ బదులు అక్కడ కూర్చోమనండి, మీరు ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి.