సుబేదారు గారి మెడ మీద అతుకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. లాకుల సెంటర్లో ఉన్న సుబేదారు గారి విగ్రహం ఉంచాలా తీసేయాలా అన్నది వచ్చే నెల గ్రామసభలో చర్చకు వస్తోందట. తీసేయాలని ముందుగా లేచి మాట్లాడేది నువ్వేనట. వార్డు మెంబరువై ఇంకా ఏడాది నిండలేదు. వింటుంటే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. వంతెన మీద వెళ్ళే రైళ్ళ చప్పుడు వింటూ తెల్లారేదాకా పడుకుని, లేవగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. దండోరా వేయించండి, నోటీసు అంటించండి. ఎవరేమన్నారో మినిట్స్ పుస్తకంలో రాయించు, నీకు నచ్చని మాటలతో సహా. మైకు ఒక్కటే ఉండాలి, అది సర్పంచి గారి చేతిలో ఉండాలి. తీసిన చోట ఇంకొకరి విగ్రహం పెడదామని ఎవరో ఒకరు అంటారు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతులు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకో.

సభ మాత్రం పొద్దున పూటే పెట్టించు. ఎండగా ఉంటుందనీ, పనులకు వెళ్ళేవాళ్ళు రారనీ చెప్పి సాయంత్రానికి మార్చమంటారు. కావాలంటే ఆదివారం పెట్టండి, సాయంత్రం మాత్రం ఒప్పుకోకు. చీకటి పడ్డాక గుంపులో ఎవరు మన ఊరివాళ్ళో ఎవరు కారో తెలియదు. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో నువ్వూ చూశావు. జిల్లా పేరు మీద మొదలైన ఊరేగింపు మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టేదాకా వెళ్ళింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను వణికిపోతుంటే, షుగర్ తగ్గిందనుకుని మీ అమ్మమ్మ పంచదార నీళ్ళు కలిపి తెచ్చింది. షుగర్ తగ్గి కాదమ్మా. ఎందుకో ఆవిడకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఈసారి సెంటర్‌కి వెళ్ళినప్పుడు విగ్రహానికి వెనక వైపు వెళ్ళి మెడ చూడు. కాలర్‌కి కాస్త పైన వేలెడు మందాన ఒక అతుకు కనిపిస్తుంది. ఎన్ని రంగులు వేసినా అక్కడ సిమెంటు వేరుగా తెలుస్తుంది. ఇప్పుడున్నది రెండో తల. మొదటి తల పోవడానికి కారణం నేను.

1974లో నాకు 26 ఏళ్ళు. ఊరి హైస్కూల్లో సోషల్ మేస్టారుగా చేరి రెండేళ్ళయింది. సుబేదారు గారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడి పతకం తెచ్చుకున్నారు. ఆ ధైర్యం నిజమే, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఊరికి తిరిగొచ్చి వ్యవసాయం చూసుకుంటున్న రోజుల్లో, కూలి పెంచమని అడిగిన పాలేళ్ళను కొబ్బరిచెట్లకు కట్టించి కొట్టించారని పేటలో చెప్పుకునేవారు. ఆయన పోయాక వాళ్ళ వాళ్ళు విగ్రహం పెట్టారు. పేట నుంచి పొలాలకు వెళ్ళాలంటే రోజూ దాని ముందు నుంచే వెళ్ళాలి.

దాళ్వా కోతలకు ముందు ఒక సాయంత్రం కుర్రాళ్ళు రచ్చబండ దగ్గర మీటింగు పెట్టి నన్ను పిలిచారు. నేను జనరల్ నీల్ కథ చెప్పాను. మద్రాసు మౌంట్ రోడ్డులో ఉండేది ఆయన విగ్రహం. 1857లో మద్రాసు నుంచి పటాలం తీసుకెళ్ళి, అలహాబాదు చుట్టుపక్కల ఊళ్ళు తగలబెట్టించాడు, విచారణ అనేది లేకుండా మనుషుల్ని ఉరి తీయించాడు. ఆ సెప్టెంబరులో లక్నోలో చనిపోతే, మహావీరుడని ఇంగ్లీషువాళ్ళు విగ్రహం నిలబెట్టారు. 1927లో దాన్ని తీసేయమని సత్యాగ్రహం జరిగింది, చాలామంది జైలుకు వెళ్ళారు. గాంధీగారు అహింస తప్పొద్దని చెబుతూ మద్దతిచ్చారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక ఆ విగ్రహం రోడ్డు మీద నుంచి పోయింది. ఇదంతా చెప్పి చివర్లో, “మన సెంటర్లోనూ ఒక నీల్ ఉన్నాడు” అన్నాను. ఈలలు, చప్పట్లు. నా జీవితంలో అంత చప్పట్లు మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రే ముగ్గురు కుర్రాళ్ళు గునపాలతో వెళ్ళారు. ముగ్గురూ నా దగ్గర చదువుకున్నవాళ్ళే. తల విరిగి కాలవలో పడింది.

పొద్దున నేను వెళ్ళేసరికి సుబేదారు గారి భార్య ఒక్కరే అక్కడ కూర్చుని ఉన్నారు. పెచ్చులు ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంటున్నారు. చెవి ముక్క ఒకటి దొరికితే దాన్ని పైటతో తుడిచారు. నన్ను చూసి, “మేస్టారూ, ఎవరన్నా వచ్చి నాతో ఒక్కమాట చెప్పి ఉంటే మా పెరట్లో పెట్టుకునేదాన్ని కదండీ” అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

పోలీసులు వచ్చారు. ముగ్గురి మీదా కేసు పెట్టారు. ఎవరు రెచ్చగొట్టారని అడిగితే వాళ్ళు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు. కొత్త ఉద్యోగం, మీ అమ్మ కడుపులో ఉంది, ఇలాంటివన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఆ ముగ్గురిలో ఒకడు కానిస్టేబులు సెలక్షన్‌కి తయారవుతున్నాడు. కేసు కారణంగా అది పోయింది. రైసుమిల్లులో బస్తాలు మోశాడు. కనిపించినప్పుడల్లా “నమస్కారం మేస్టారూ” అనేవాడు. ఆ నమస్కారం తీసుకోలేక నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాను. రాజమండ్రి ఎందుకు వచ్చేశావు తాతయ్యా అని చిన్నప్పుడు అడిగేదానివి. ఇందుకే వచ్చేశాను.

ఇంకోటి కూడా ఉంది, అది ఇంతకన్నా పెద్దది. ఆ వేసవిలో కాలవలు కట్టేశారు. నీళ్ళు తీశాక బురదలో తల బయటపడింది. ముక్కు లేదు, తలపాగా మడతలు మాత్రం చెక్కుచెదరలేదు, వాటి సందుల్లో నత్తలు పట్టి ఉన్నాయి. చూడ్డానికి ఊరంతా వచ్చింది. గట్టు మీద నా పక్కన పేటలో పెద్దాయన ఒకరు నిలబడ్డారు. చొక్కా చేతులు పైకి లాగి మణికట్లు చూపించారు. కొబ్బరితాడు ఒరుసుకున్న మచ్చలు రెండు చేతులకీ గాజుల్లా ఉన్నాయి. “యాభైమూడు వరద తరవాత సంగతి బాబూ. గింజలు తడిసిపోతే కూలి గింజల్లో కాదు, డబ్బుల్లో ఇమ్మన్నాం. మీరు మీటింగులో ఎవరో దొర కథ చెప్పారంట. నన్ను పిలిస్తే నా కథ నేను చెప్పేవాణ్ణి కదా” అన్నారు.

పేట నాలుగు అడుగుల దూరంలో ఉంది, అమ్మలూ. మద్రాసు దాకా వెళ్ళి ఉదాహరణ తెచ్చిన నేను ఆ నాలుగు అడుగులు వెయ్యలేదు. నీల్ సంగతిలో నేను తేదీలు చూసుకున్నాను. కాన్పూరులో ఇంగ్లీషు ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపినందుకు పగ తీర్చుకున్నాడని ఆయన్ని సమర్థించేవాళ్ళు అంటారు. ఆ హత్యలు జులైలో జరిగాయి, అలహాబాదు దారుణాలు జూన్‌లోనే అయిపోయాయి. ఆ ఒక్క తేదీతో వాళ్ళ వాదన నిలవదు. మన ఊరి సంగతికి మాత్రం తేదీ లేదు, సాక్షి లేడు, నా ఆవేశం ఒక్కటే ఉంది. అందుకే తల పగలగానే ఊరి జాలి అంతా విగ్రహం వైపు వెళ్ళిపోయింది. ఏడాది తిరక్కుండా కొత్త తల పెట్టి, బ్యాండుమేళంతో ఆవిష్కరించారు. ఆ పెద్దాయన చేతుల మీద మచ్చల గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. ఆయన పోయారు.

కాబట్టి నువ్వు ఉపన్యాసం రాసుకోవడం ఆపి, ముందు ఇళ్ళకు వెళ్ళు. మొదట సుబేదారు గారి మనవళ్ళ ఇంటికి. వాళ్ళు కాఫీ ఇస్తే తాగు, కోప్పడితే విను. నువ్వు సభలో ఏం అడగబోతున్నావో వాళ్ళకు ముందే చెప్పు. తరవాత పేటకి వెళ్ళి, ఆ పెద్దాయన పిల్లలకు ఏం గుర్తుందో వాళ్ళ మాటల్లోనే రాసుకో. వాళ్ళు ఒప్పుకుంటే సభలో వాళ్ళనే చెప్పమను. నువ్వు వాళ్ళ తరఫున మాట్లాడకు. నీకు మాటకారితనం ఉంది, అది నా నుంచే వచ్చింది. నాకు భయం కూడా అక్కడే.

“అయితే కాటన్ దొర విగ్రహాలు కూడా పీకేస్తారా” అని తప్పకుండా అడుగుతారు. తడబడకు. కాటన్ కూడా కంపెనీ సైన్యంలో మనిషే, మొదటి బర్మా యుద్ధానికి వెళ్ళినవాడే. కానీ ఊరూరా ఆయన్ని గుర్రం మీద కూర్చోబెట్టింది అందుకు కాదు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించినందుకు. మా తాత పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు మొదటి దోసిలి ఎత్తి ఆయన పేరు తలుచుకునేవాడు. ఆయన చేసింది మన కాలవల్లో ఇప్పటికీ పారుతోంది, మొక్కేవాళ్ళలో పేటవాళ్ళూ ఉన్నారు. సుబేదారు గారి విగ్రహం బర్మాలో ధైర్యానికి పెట్టారు, నిలబెట్టింది మాత్రం ఆయన కొట్టించిన వాళ్ళ దారిలో. అడగాల్సింది ఆ చోటు గురించే.

నా అభిప్రాయం అడిగితే, అక్కడి నుంచి తీయాలి. పగలగొట్టకూడదు. నీల్ విగ్రహాన్ని కూడా కరిగించలేదు, చివరికి ఎగ్మూరు మ్యూజియంలో పెట్టారు. దీన్ని తీర్మానం చేసి, పట్టపగలు, వాళ్ళ కుటుంబం ఎదురుగా, జాగ్రత్తగా దించి వాళ్ళ పెరట్లో పెట్టించండి. ఆవిడ ఆనాడు అడిగింది అదే. ఓటింగులో ఓడిపోతే ఇంటికి వచ్చి అన్నం తిని పడుకో. కుర్రాళ్ళను మాత్రం ఆ రాత్రి ఒంటరిగా వదలకు. వాళ్ళతో పాటు సెంటర్లో కూర్చో. వాట్సాప్‌లో ఎవడైనా గునపం బొమ్మ పెడితే వెంటనే తీయించు.

తిట్టినట్టు రాశానేమో. పదో క్లాసులో పోటీలకు ఉపన్యాసం బట్టీ పట్టి, నా ముందు నిలబడి చేతులు ఎలా ఊపాలో అడిగిన పిల్లవే కదా నువ్వు. ఇప్పుడు ఊరు నీ మాట కోసం కూర్చుంటుందంటే నాకు ఎంత ఇదిగా ఉందో రాయలేను.

ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. బస్తాలు మోసినవాడు ఇంకా ఉన్నాడని మీ అమ్మ చెప్పింది. సభలో నా పేరు నేనే చెబుతాను, ఆ మీటింగులో మాట్లాడింది నేనేనని. కానీ అంతకు ముందు అతని దగ్గరికి వెళ్ళాలి. ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరతాను. మోకాళ్ళ నొప్పులని మీ అమ్మ వద్దంటుంది, నువ్వు చెప్పి ఒప్పించు. లాకుల దగ్గర దిగుతాను. నువ్వు వచ్చి నా చెయ్యి పట్టుకుని అతని ఇంటికి తీసుకెళ్ళు.

మీ తాతయ్య