సందేహాలు – సమాధానాలు: ‘దేవుడు నన్ను చెయ్యి విడిచాడు’ అనడం తప్పా?

సందేహం: నా భర్త జబ్బుతో చనిపోయిన రోజుల గురించి మా సంఘ పత్రికకు సాక్ష్యం రాసి పంపాను. ‘ఆ రాత్రి దేవుడు నన్ను చెయ్యి విడిచాడు’ అని అందులో ఒక వాక్యం ఉంది. పత్రిక చూసే పెద్దలు దాన్ని ‘ఆ రాత్రి దేవుడు నా చెయ్యి విడిచినట్లు నాకు అనిపించింది’ అని మార్చారు. ‘నన్ను చెయ్యి’ అనడం వ్యాకరణ దోషమట. దేవుడు విడిచాడు అనడం విశ్వాసికి తగదట. సిలువ మీద యేసుప్రభువు ‘నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అనే కదా అన్నాడు? అదే మాట కీర్తనల్లో ‘విడనాడితివి’ అని ఎందుకుంది? ఇంకో రెండు చిన్న సందేహాలు: బాధలను మేము ‘శ్రమలు’ అంటాం, అది సరైన తెలుగేనా? ‘మొఱ్ఱ’ అని రాయాలా, ‘మొర’ అని రాయాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ‘నన్ను ప్రశ్న అడిగాడు’, ‘నన్ను మాట అన్నాడు’, ‘నన్ను చెంపదెబ్బ కొట్టాడు’ అని తెలుగువాళ్లందరూ అంటారు. వీటిలో ‘నన్ను’ ఒక కర్మ. ప్రశ్న, మాట, దెబ్బ రెండో కర్మ. ప్రాణంలేని వస్తువుల పేర్లకు ‘ను’ చేర్చకుండానే కర్మగా వాడటం మన భాషకు అలవాటు కాబట్టి రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. పైగా ‘చెయ్యి విడుచు’ చూడటానికి రెండు మాటలైనా ఒకే క్రియగా పనిచేస్తుంది. ఇటువంటి వాటిని వ్యాకరణంలో శబ్దపల్లవాలు అంటారు. ఒక పదం క్రియతో కలిసి, విడివిడిగా ఆ రెండిటికీ లేని అర్థాన్ని ఇవ్వడం వీటి లక్షణం. ‘చెయ్యి విడుచు’కు ఎదురు మాట ‘చేపట్టు’. అందులోనూ చెయ్యి ఉంది. ‘దిక్కులేని బిడ్డను చేపట్టాడు’ అని రాస్తే, ‘బిడ్డ చెయ్యి పట్టాడు’ అని దిద్దేవారు ఎవరూ ఉండరు.

‘నా చెయ్యి విడిచాడు’ అనడమూ తప్పు కాదు. కాకపోతే అర్థం పక్కకు జరుగుతుంది. రోడ్డు దాటించిన తరువాత పిల్లవాడి చెయ్యి విడిచిన తండ్రికీ ఆ మాట సరిపోతుంది. ‘నన్ను చెయ్యి విడిచాడు’ అన్నప్పుడు విడిచింది చేతిని కాదు, మనిషిని. మీరు చెప్పదలచుకున్నది అదే కాబట్టి మీరు రాసిన రూపమే ఉండాలి.

ఇక బైబిలు. ‘నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?’ అని 22వ కీర్తన మొదలవుతుంది. సిలువ మీద యేసు ఆ కీర్తన మొదటి మాటలనే కేకవేసినట్లు మత్తయి 27:46, మార్కు 15:34 చెబుతాయి. ఆ రెండు చోట్లా తెలుగులో ‘చెయ్యి విడిచితివి’ అని ఉంది. మూలంలో ఈ తేడా లేదు. కీర్తనలోని హీబ్రూ క్రియ ‘ఆజవ్’. పురుషుడు తన తండ్రిని, తల్లిని విడిచి భార్యను హత్తుకుంటాడని ఆదికాండము 2:24 చెప్పినప్పుడూ ఇదే క్రియ. యేసు పలికిన ‘సబక్తానీ’ అరమాయికు మాట. దాని అర్థమూ విడిచిపెట్టావనే. సువార్తికులు దాన్ని గ్రీకులో ‘ఎంకటలైపో’ అనే క్రియతో చెప్పారు. అంతకు ముందే ఉన్న కీర్తనల గ్రీకు అనువాదంలోనూ అదే క్రియ ఉంది. ఈ మూడు భాషల్లో ఎక్కడా చెయ్యి ప్రస్తావన లేదు. అది తెలుగు అనువాదకులు మన నుడికారంలోంచి తీసుకున్నది. గ్రీకులోనే చెయ్యి ఉందని బోధించేవారు ఈ సంగతి గమనించాలి.

మూలం ఒకటే అయినా తెలుగులో ఈ రెండు మాటల బరువు వేరు. పంతం విడనాడాలి, హింసను విడనాడాలి అంటాం. అంటే విడనాడటంలో ఆలోచించి తెంచుకోవడం ఉంది. చెయ్యి విడవాలంటే అంతకుముందు పట్టుకొని ఉండాలి. సిలువ మీద పలికిన మాటకు రెండోదాన్ని ఎంచుకున్న అనువాదకుడికి నేను మనసారా నమస్కరిస్తాను. ‘అయినను నేను ఎల్లప్పుడు నీయొద్ద నున్నాను, నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు’ అన్న 73వ కీర్తన మాటలు ఎరిగిన పాఠకుడికి ఆ కేక ఎంత లోతుగా తగులుతుందో చూడండి. ఆ కీర్తనలో చెయ్యి మూలంలోనే ఉంది. లూకా సువార్తలో యేసు చివరి మాట ‘తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను’. అక్కడా మూలంలోనే ఉంది. విడిచిన చేతికే తనను తాను అప్పగించుకోవడం అనే సంబంధం గ్రీకు చదివేవారికి అంత సూటిగా అందదు, తెలుగు చదివేవారికి అందుతుంది.

దీనికి ఎదురుగా తెలుగు పాఠకుడికి అందకుండా పోయినదీ ఒకటుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక (అంటే లేఖ) 13:5లో ‘నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను’ అనే వాగ్దానం ఉంది. ఇందులో ‘ఎడబాయను’ అని తెలుగు చేసిన చోట గ్రీకులో ఉన్నది ‘ఎంకటలైపో’నే. సిలువ మీద ‘ఎందుకు’ అని అడిగిన క్రియతోనే వాగ్దానం చేశారు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ‘తరుమబడుచున్నను దిక్కులేనివారము కాము’ అంటాడు. ‘దిక్కులేనివారము’ అన్నచోటా ఆ క్రియే. మూలంలో ఒకే మాట కావడం వల్ల కేక, వాగ్దానం, పౌలు ధీమా ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. తెలుగులో ఒక్కొక్కటి ఒక్కొక్క రూపంలో కనిపిస్తుంది. ప్రతిదీ ఆ సందర్భంలో చక్కని తెలుగే. ఎడబాటులో ప్రేమ ఉంది, దిక్కులేకపోవడంలో నిస్సహాయత ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘అనిపించింది’ అని చేర్చడం వ్యాకరణ సవరణ కాదు, అర్థాన్ని మార్చే సవరణ. ‘దేవుడు నన్ను చెయ్యి విడిచాడు’ అన్న వాక్యానికి కర్త దేవుడు. ‘విడిచినట్లు నాకు అనిపించింది’ అన్న వాక్యంలో ప్రధాన క్రియ అనిపించడం; ఆ అనుభవం మీది. దేవుడు ఉపవాక్యంలోకి వెళ్లిపోయాడు, సంజాయిషీ చెప్పుకోవలసిన స్థానంలోకి మీరు వచ్చారు. భర్తను పోగొట్టుకున్న మనిషి వాక్యానికి ఇంత మార్పు చేసేటప్పుడు ఆమెను ఒక్క మాట అడగవలసింది.

పెద్దల ఉద్దేశం చెడ్డదని అనను. వారి వెనుక గట్టి వేదాంతమే ఉంది. క్రీస్తు పాపుల శిక్షను తన మీద వేసుకొని నిజంగానే విడిచిపెట్టబడ్డాడనీ, అందువల్ల ఆయనను నమ్మినవారు ఎన్నటికీ విడిచిపెట్టబడరనీ, వారికి అలా అనిపించడం మాత్రమే జరుగుతుందనీ ప్రొటెస్టంటు సంస్కరణోద్యమం నాటి నుంచి ఎందరో బోధించారు. మరికొందరు ఇంకో విధంగా చెబుతారు. మొదటి మాట ఎత్తితే కీర్తనంతా తలచినట్లే కాబట్టి, 22వ కీర్తన 24వ వచనంలోని ‘అతనికి తన ముఖమును దాచలేదు’ అన్న నమ్మకం కూడా ఆ కేకలో ఉందంటారు. జర్మనీకి చెందిన వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడి స్కాట్లాండ్‌లోని ఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు విలాప కీర్తనలు, మార్కు సువార్తలోని ఈ కేక చదివి కదిలిపోయాడు. 1972లో వెలువడిన ఆయన గ్రంథంలో, కుమారుడు విడిచిపెట్టబడిన బాధ అనుభవిస్తే తండ్రి కుమారుణ్ణి పోగొట్టుకున్న బాధ అనుభవించాడనీ, బాధ దేవునికి బయట లేదనీ వాదించాడు. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో సిలువ యోహాను అనే క్రైస్తవ సన్యాసి, తన సొంత సన్యాస సంఘంవారే తనను 1577 – 78లో టొలేడోలో బంధించి ఉంచగా కవితలు అల్లాడు. దేవుడు లేడనిపించే చీకటి రాత్రి ఆత్మను శుద్ధి చేసే మార్గమని ఆయన బోధ. మదర్ థెరిసా 1997లో మరణించాక పదేళ్లకు ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. దాదాపు ఐదు దశాబ్దాలు ఆమె ప్రార్థనలో ఇటువంటి శూన్యాన్నే అనుభవించారని వాటివల్ల లోకానికి తెలిసింది. వీరిలో ఎవరి మాట సరైనదో తీర్పు చెప్పడం నా పని కాదు. వీరెవరూ బాధపడేవారి నోటిలోని మాటను దిద్దలేదని మాత్రం చెప్పగలను.

బైబిలు కూడా దిద్దలేదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?’ అని 13వ కీర్తన సూటిగా అడుగుతుంది. మరచినట్లున్నావు అనదు. విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన తిరగదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్న దగ్గరే ఆగిపోతుంది. తెలుగులో నేను చదివిన అత్యంత దుఃఖభరితమైన వాక్యాల్లో అది ఒకటి. ఆప్తులంతా దూరమైనవాడికి చీకటే చుట్టమై మిగిలిందని! కీర్తనలను సంకలనం చేసినవారు దానికి ఊరటగా ఒక్క వచనమైనా చేర్చకుండా అలాగే ఉంచారు.

యోబు గ్రంథంలో ఇంకో సంగతి గమనించండి. యోబు స్నేహితులు దేవుని పక్షాన ఎంతో మాట్లాడతారు, ఒక్కసారైనా దేవునితో మాట్లాడరు. వారికి దేవుడు ఎప్పుడూ ప్రథమ పురుషలోనే ఉంటాడు. యోబు మాత్రం మధ్యమధ్య ‘నీవు’ అంటూ దేవునివైపు తిరిగి నిలదీస్తాడు. చివరికి దేవుడు ఆ స్నేహితులతో ‘నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు’ అంటాడు. అలాగని దేవుణ్ణి గురించి ప్రథమ పురుషలో ఫిర్యాదు చేయడం తప్పని అనుకోకండి. ‘యెహోవా నన్ను విడిచిపెట్టియున్నాడు, ప్రభువు నన్ను మరచియున్నాడు’ అని యెషయా 49:14లో సీయోను, అంటే యెరూషలేము నగరం, అంటుంది. పక్క వచనంలోనే ‘నేను నిన్ను మరువను’ అనే జవాబు వస్తుంది. మీ వాక్యమూ ఇటువంటిదే. సీయోను మాట గ్రంథంలో ఉండగా మీ మాట పత్రికలో ఉండకూడదనడానికి నాకు కారణం కనిపించడం లేదు.

‘నీవు’ అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ మధ్య ప్రార్థనల్లో దేవుణ్ణి ‘మీరు’ అనే అలవాటు పెరిగింది. గౌరవం కొద్దీ అంటారు, అనవద్దని చెప్పను. అయితే తెలుగులో కన్నతల్లినీ దేవుణ్ణీ ‘నీవు’ అనడం అగౌరవం కాదు, చనువు. ‘నన్నెందుకు చెయ్యి విడిచారు?’ అంటే ఏదో కార్యాలయానికి పెట్టుకున్న అర్జీలా ఉంటుంది. ఈ మొర ‘నీవు’తోనే నిలుస్తుంది.

మీ పెద్దలకు మీరిలా చెప్పవచ్చు: వాక్యాన్ని ఉన్నదున్నట్లు అచ్చువేయండి, దేవుడు ఎవరినీ విడువడని మీరు నమ్మితే ఆ మాట సంపాదకుని గమనికగా మీ పేరుతో చేర్చండి. పౌలు ‘దిక్కులేనివారము కాము’ అన్నది తన దెబ్బల గురించి తానే. ఎప్పుడో ఒకనాడు మీరే ‘అలా అనిపించింది’ అని రాస్తే ఆ వాక్యానికి విలువ ఉంటుంది. అది మీరు రాయవలసిన వాక్యం.

‘శ్రమ’ విషయం. సంస్కృతంలోనూ మామూలు తెలుగులోనూ దీనికి ప్రయాస, కష్టపడి పనిచేయడం, అలసట అనే అర్థాలున్నాయి. బైబిలు తెలుగు దీన్ని హింసకు, వేదనకు వాడింది. ‘ఇప్పటి కాలపు శ్రమలు’ అన్న రోమీయులకు 8:18లో గ్రీకు మాటకు అర్థం బాధలు. ‘శ్రమ ఓర్పును’ కలిగిస్తుందన్న 5:3లోని మాటకు అర్థం ఒత్తిడి, నలగడం. రెండిటికీ ఒకే తెలుగు మాట సరిపెట్టారు. క్రీస్తు శ్రమలు, శ్రమల దినాలు అని ఇంతకాలంగా సంఘంలో వాడుకలో ఉంది కాబట్టి అది తప్పు కాదు. బహువచనంలో వాడితే కూలి, చెమట గుర్తుకు రావు కూడా. సంఘానికి బయటివారు చదివే రచనలో మాత్రం ‘శ్రమలో ఉన్నాను’ అని రాయకండి, పనిలో ఉన్నారనుకుంటారు. బాధలు, కష్టాలు అనండి.

‘మొఱ్ఱ’, ‘మొర’ ఒకే మాటకు రూపాంతరాలు. బండి ఱ నేటి వాడుకలో పోయింది కాబట్టి మీ సొంత వాక్యాల్లో ‘మొర పెట్టాను’, ‘మొర ఆలకించాడు’ అని రాయండి. బైబిలు వచనాన్ని ఉదాహరిస్తే ‘మొఱ్ఱ’ అని అందులో ఉన్నట్లే ఉంచండి. ‘మొర్ర’ అని సగం మార్చి రాయడం మాత్రం వద్దు.