పగలంతా ఇంట్లో ఉండే మనిషిని అడిగి ఇల్లు కొనండి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దెకు ఉంటున్న ఒక తమ్ముడు పోయిన వారం నన్నొక మాట అడిగాడు. ఉద్యోగం మన్‌హాటన్‌లో, వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. రెండేళ్ల పాప. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద భార్య వచ్చి ఏడాది దాటింది, ఇంకా కారు నేర్చుకోలేదు. "అక్కా, వెస్ట్ విండ్సర్‌లో ఇళ్లు చూస్తున్నాం. స్కూళ్లు బాగుంటాయని అందరూ అంటున్నారు. కొనమంటారా?" అన్నాడు. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు కాబట్టి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషిగా జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

అతని ప్రశ్నలో రైలు ఉంది, స్కూలు ఉంది, వడ్డీ రేటు ఉంది. భార్య ఏమనుకుంటోందో మాత్రం లేదు. నేను మొదట అడిగింది అదే.

నేను పుట్టి పెరిగింది తెనాలిలో. జంక్షన్ అంటే నాకు తెలిసింది ఒక్కటే: ఏ వేళప్పుడు వెళ్లినా మనుషులు, టీ కేకలు, ఇడ్లీ బండ్లు, రిక్షాలు. పెళ్లయి 2003లో ఇక్కడికి వచ్చినప్పుడు మా వారు "ప్రిన్స్‌టన్ జంక్షన్ దగ్గర ఉంటాం" అంటే అలాంటిదే ఊహించుకున్నాను. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య వెస్ట్ విండ్సర్‌లోని ఆ రైలు స్టేషన్ నిజంగానే కిటకిటలాడుతుంది. తొమ్మిది దాటాక వెళ్లి చూడండి. బారులు తీరిన కార్లు తప్ప మనిషి కనిపించడు.

మొదటి మూడేళ్లు పక్కనే ఉన్న ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంటులో ఉన్నాం. అక్కడ ఒంటరితనం తెలియలేదు. బట్టలు ఉతకడానికి వెళ్తే ఒక తెలుగావిడ, ఉయ్యాల దగ్గర ఒక తమిళావిడ, సాయంత్రం పిల్లల బళ్లు తోసుకుంటూ పదిమంది. 2006లో వెస్ట్ విండ్సర్‌లో ఇల్లు కొన్నాం. నాలుగు పడక గదులు, వెనక చెట్లు, చూడముచ్చటైన పచ్చిక. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. సోమవారం ఉదయం మా వారు రైలెక్కాక ఆ ప్రశాంతత అంతా నా ఒక్కదానికే మిగిలింది. నాకు కారు రాదు, పని చేయడానికి అనుమతి లేదు. హెచ్-4 వాళ్లలో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే నెలలో గానీ రాలేదు. ఆ తొమ్మిదేళ్లలో మొదటి రెండేళ్లు నేను ఎలా గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇల్లు తప్పు కాదు, ఊరు తప్పు కాదు. కొనేటప్పుడు ఆ ఇంట్లో పగటి పూట ఎవరుంటారో మేమిద్దరం ఆలోచించలేదు, అంతే.

అందుకే తమ్ముడూ, మొదట మీ ఆవిడకు డ్రైవింగ్ నేర్పించండి. లైసెన్సు వచ్చాకే ఇల్లు చూడటం మొదలుపెట్టండి. తర్వాత ఇద్దరూ కలిసి, ఒక మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకు, మీకు నచ్చిన ఇంటి ముందు కారు ఆపి, పాపను బండిలో కూర్చోబెట్టి నడవండి. కాలిబాట ఉందా? ఇక్కడ కొన్ని వీధుల్లో అసలు ఉండదు. నడిచి వెళ్లగలిగే దూరంలో పార్కు ఉందా, గ్రంథాలయం ఉందా? పిల్లల కథల గంట కోసం గ్రంథాలయానికి వచ్చే తల్లులతో పరిచయమే నన్ను ఆ రోజుల్లో నిలబెట్టింది. మండే ఎండలోనో మే నెల పూలలోనో కాదు, ఫిబ్రవరిలో ఒకసారి వచ్చి చూడండి. నాలుగున్నరకే వెలుగు తగ్గిపోయే డిసెంబరు సాయంత్రం కూడా ఒకటి చూడండి.

ఇంకా మంచి పద్ధతి, ఏడాది పాటు ఇక్కడే అద్దెకు ఉండటం. ప్లెయిన్స్‌బరోలో ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్ వంటి పెద్ద అపార్ట్‌మెంటు సముదాయాలు ఉన్నాయి. వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో రెండింటికీ కలిపి ఒకే స్కూలు డిస్ట్రిక్టు (స్కూళ్లను నడిపే సంస్థ) కాబట్టి స్కూళ్ల సంగతీ తెలుస్తుంది. అద్దె డబ్బు వృథా అని చాలామంది బాధపడతారు. నేను అలా అనుకోను. ఇల్లు కొని రెండేళ్లకే నచ్చక అమ్ముకుంటే ఏజెంట్ల కమిషన్, బదిలీ రుసుము, లాయరు ఖర్చులు కలిపి పోయేది ఆ అద్దెకంటే ఎక్కువే.

ఇక చిరునామా గురించి. ఇది చాలామంది కొత్తవాళ్లు పొరబడే చోటు. ప్రకటనలో "ప్రిన్స్‌టన్" అని ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ప్రిన్స్‌టన్ ఊళ్లో ఉన్నట్టు కాదు. 08540 అనే పిన్ కోడు ప్రిన్స్‌టన్‌తో పాటు చుట్టుపక్కల టౌన్‌షిప్పుల్లో, అంటే విడి పాలన ఉన్న ఊళ్లలో, కొన్ని భాగాలకూ వర్తిస్తుంది. 08550, అంటే ప్రిన్స్‌టన్ జంక్షన్, వెస్ట్ విండ్సర్‌లోనిది. పోస్టాఫీసు పేరు ఒకటి, టౌన్‌షిప్ ఇంకొకటి, స్కూలు డిస్ట్రిక్టు మరొకటి కావచ్చు. పన్ను టౌన్‌షిప్‌ను బట్టి ఉంటుంది, పిల్లలు వెళ్లే స్కూలు మాత్రం డిస్ట్రిక్టును బట్టి ఉంటుంది. ఇంటి నంబరుతో సహా చిరునామా చెప్పి, ఏ ఎలిమెంటరీ స్కూలో, రెండు హైస్కూళ్లలో నార్త్‌కు వెళ్తారో సౌత్‌కు వెళ్తారో డిస్ట్రిక్టు ఆఫీసునే అడగండి. ఏజెంటు మాట మీద ఆధారపడవద్దు.

రైలు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక మాట. జంక్షన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కు గంట పైచిలుకు. ఇంటి గుమ్మం దాటి ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి గంటన్నర ఖాయం, కొన్ని రోజులు రెండు గంటలు. హడ్సన్ నది కింది సొరంగాలు, హాకెన్‌సాక్ నది మీది పాత పోర్టల్ వంతెన 1910 నాటివి. ఆ సొరంగాల్లో తీగ తెగినా, ఆ పాత వంతెన పడవల కోసం తెరుచుకుని మళ్లీ సరిగా మూసుకోకపోయినా ఇక్కడ ప్లాట్‌ఫారం మీద మనం నిలబడాల్సిందే అని ఇన్నేళ్లలో నేర్చుకున్నాం. 2025 మే నెలలో డ్రైవర్ల సమ్మెతో నాలుగు రోజులు న్యూజెర్సీ ట్రాన్సిట్ రైళ్లే లేవు. స్టేషన్‌లో కారు పెట్టుకునే స్థలాల్లో కొన్ని టౌన్‌షిప్ వాసులకు పర్మిట్ మీద ఇచ్చేవి, కొన్ని రోజువారీ రుసుముతో నడిచేవి. పర్మిట్ వెంటనే దొరుకుతుందో, వరుసలో వేచి ఉండాలో ఇల్లు కొనకముందే కనుక్కోండి. నడిచి స్టేషన్‌కు చేరే ఇంటికి ధర ఎక్కువ, కానీ రెండో కారు అవసరం తప్పుతుంది. ఆ కారు పగలంతా మీ ఆవిడకు ఇంట్లో మిగులుతుంది. నా లెక్కలో ఆ తేడా చెల్లించదగినదే.

జీతం పన్ను కూడా చెప్పాలి. న్యూజెర్సీలో ఉండి న్యూయార్క్ కంపెనీలో పని చేస్తే ముందు న్యూయార్క్ రాష్ట్రానికి పన్ను కట్టాలి. న్యూజెర్సీ దానికి క్రెడిట్ ఇస్తుంది, అంటే ఆ మేరకు తన పన్ను తగ్గిస్తుంది. మీ సౌకర్యం కోసం ఇంటి నుంచి పని చేసిన రోజులను కూడా న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది. నగరంలో నివసించేవారికి పడే నగర పన్ను మాత్రం మీకు ఉండదు.

ఇప్పుడు ఇంటి పన్ను. అమెరికాలోకెల్లా ఎక్కువ ఇంటి పన్ను కట్టేది న్యూజెర్సీలోనే. 2024లో రాష్ట్ర సగటే పదివేల డాలర్లు దాటింది. వెస్ట్ విండ్సర్‌లో పదిహేను, ఇరవై వేలు కట్టే ఇళ్లు మామూలే. అందులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. కాబట్టి ఇంటి ధరను బట్టి మాత్రమే నెలసరి కిస్తీ లెక్క వేసుకుంటే మోసపోతారు. మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) తీరిపోయినా ఈ పన్ను తీరదు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తేదీల్లో కడుతూనే ఉండాలి. కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకొక జాగ్రత్త: అమ్మేటప్పుడు చూపించే పన్ను ఒట్టి స్థలానిదే కావచ్చు. ఇంటికి విలువ కట్టాక అదనపు బిల్లు వస్తుంది. మా ఎరుకలో ఒక కుటుంబానికి అలా నెల కిస్తీ ఒక్కసారిగా ఎనిమిది వందలు పెరిగింది.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న బ్యాంకు తప్పక అడుగుతుంది. డౌన్ పేమెంటు కోసం అమ్మానాన్నలు ఊళ్లో స్థలం అమ్మి పంపిస్తామంటే ఇల్లు నచ్చాక కాదు, కొన్ని నెలల ముందే తెప్పించుకోండి. బ్యాంకు సాధారణంగా రెండు నెలల స్టేట్‌మెంట్లు చూస్తుంది, హఠాత్తుగా వచ్చి పడిన పెద్ద మొత్తానికి కాగితాలు అడుగుతుంది. భారతదేశంలో ఉండేవారు ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. పది లక్షల రూపాయలు దాటితే అక్కడి బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. మీకు ఏడాదిలో లక్ష డాలర్లకు మించి కానుకగా వస్తే ఇక్కడ పన్ను శాఖకు ఆ వివరం తెలిపే ఫారం 3520 దాఖలు చేయాలి. దానిమీద పన్ను లేదు గానీ, చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఇరవై శాతం డౌన్ పేమెంటు లేకపోతే అదనపు బీమా పడుతుంది. ప్రభుత్వ హామీతో, తక్కువ డౌన్ పేమెంటుతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ అప్పు 2025 మే చివరి నుంచి హెచ్-1బి వాళ్లకు ఇవ్వడం లేదు. మామూలు మార్ట్‌గేజ్ మాత్రం దొరుకుతుంది.

వీసా మాట వచ్చింది కాబట్టి, ఇష్టం లేకపోయినా ఒకటి చెప్పక తప్పదు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా అరవై రోజులే గడువు. ఆ అరవై రోజుల్లో ఇల్లు అమ్మడం జరగని పని. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోకుండా, ఉన్నదంతా డౌన్ పేమెంటులో పోయకండి. ఈ మాట ప్రతి ఒక్కరికీ చెబుతాను, విననివాళ్ల మీద కోపం కూడా వస్తుంది నాకు.

ఇల్లు నచ్చి, ధర కుదిరి, సంతకాలయ్యాక ఈ రాష్ట్రంలో మూడు పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఇరువైపుల లాయర్లలో ఎవరైనా ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు. మీరూ వెనక్కి తగ్గవచ్చు, అమ్మేవాళ్లూ ఎక్కువ ఇచ్చేవారికి మొగ్గవచ్చు. అది ముగిసేదాకా ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెప్పుకోకండి. వాస్తు పట్టింపు ఉంటే, తూర్పు ముఖమే కావాలంటే, ఆ సంగతి ఏజెంటుకు మొదటి రోజే చెప్పండి. ఇన్‌స్పెక్షన్ కూడా అయ్యాక ఈశాన్యం తగ్గిందని ఇల్లు వదులుకున్నవాళ్లను చూశాను. అందరికీ మనస్తాపమే.

ఇన్‌స్పెక్షన్‌లో చెదలు, నేలలోంచి ఇంట్లోకి చేరి ఆరోగ్యానికి హాని చేసే రేడాన్ వాయువు ఉన్నాయేమో తప్పక చూపించండి. రేడాన్ లీటరుకు నాలుగు పికోక్యూరీలు దాటితే బయటికి పంపే గొట్టం పెట్టించాలి. పాత ఇల్లయితే పెరట్లో మట్టి కింద, ఇంటిని వేడిచేయడానికి వాడిన పాత నూనె ట్యాంకు ఉందేమో వెతికించండి. అది కారి ఉంటే శుభ్రం చేయించే భారం మీదే.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వాన కురిసినప్పుడు మా వీధిలో కరెంటు పోయింది. బేస్‌మెంటులో నీళ్లు తోడే సంప్ పంపు కరెంటుతో నడిచేది. తెల్లవారేసరికి మోకాలి లోతు నీళ్లు. పెళ్లి ఆల్బములు, పిల్లల మొదటి పుస్తకాలు, అమ్మ ఇచ్చిన రెండు పట్టుచీరలు పోయాయి. మామూలు ఇంటి బీమాలో వరద ఉండదని, పంపు ఆగిపోయి వచ్చే నష్టానికి విడిగా కట్టాలని ఆ రోజు తెలిసింది. మేము ఇల్లు చూసింది వానలు లేని ఏప్రిల్‌లో, గోడలకు కొత్త రంగు వేసి ఉంది. 2024 నుంచి న్యూజెర్సీలో అమ్మేవాళ్లు వరద ముప్పు, గతంలో వచ్చిన వరదల గురించి రాతపూర్వకంగా చెప్పాలనే చట్టం అమలులో ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోండి. జాతీయ వరద బీమా మామూలుగా కట్టిన ముప్పై రోజులకు గానీ వర్తించదు, తుపాను హెచ్చరిక విని కడదామంటే కుదరదు. సంప్ పంపుకు బ్యాటరీ పెట్టించుకోండి, ఇల్లు చేతికి వచ్చిన వారంలోనే.

ఇంటి వెనక ఖాళీ పొలం ఉంటే అది ఎప్పటికీ ఖాళీగా ఉంటుందనుకోవద్దు. 1975లో మొదలైన మౌంట్ లారెల్ కోర్టు తీర్పుల వల్ల ఈ రాష్ట్రంలో ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు కట్టడానికి చోటు చూపించాలి. ఆ న్యాయం నాకు సమ్మతమే. కానీ ఆ పొలంలో ఏం రాబోతోందో ప్లానింగ్ బోర్డు కాగితాలు చూసి, తెలిసే కొనండి.

తమ్ముడు చివర్లో మరో మాట అడిగాడు: ఏటా అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు, వాళ్లకు ఈ ఊరు నచ్చుతుందా? మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు మూడో వారానికే "ఇక్కడ మనుషులు ఉన్నారా అమ్మా?" అన్నారు. రెండోసారి వచ్చేసరికి నాకు కారు వచ్చింది. రోజూ ఆయనను గ్రోవర్స్ మిల్ చెరువు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. 1938లో ఒక రేడియో నాటకంలో అంగారక గ్రహవాసులు దిగినట్టు చెప్పింది ఆ ఊళ్లోనే. పార్కులో దానికి ఒక కంచు ఫలకం కూడా ఉంది. ఆయన దాన్ని చదివి, అక్కడ నడకకు వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయనకు తన ఇంగ్లీషులో వివరించారు. ఆ మరుసటి రోజు నుంచి ఇద్దరూ కలిసే నడిచారు. రెండో వారానికి నలుగురయ్యారు.

మీ ఆవిడను తీసుకుని ఫిబ్రవరిలో ఒక బుధవారం రండి. మీరు రైల్లో మన్‌హాటన్ వెళ్లి ఆ ప్రయాణం చూసుకోండి, ఆవిడ, పాప పగలంతా మా ఇంట్లో నాతో ఉంటారు. మంచు పడితే పడనివ్వండి. సాయంత్రం మీరు తిరిగి వచ్చాక ఇల్లు కొనాలా వద్దా అన్నది ముందు ఆవిడను చెప్పనివ్వండి.