మేనల్లుడికి: లక్ష్యం పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

స్పిన్నింగ్ విభాగంలో షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేరావనీ, కార్మికుల్లో పని మీద పట్టుదల ఎలా పెంచాలో తోచడం లేదనీ రాశావు. ముప్పై ఏళ్లు నూలు మిల్లులో గడిపినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

"బాగా చేయండి" అనడం లక్ష్యం కాదు. ఎంత చేస్తే బాగా చేసినట్లో ఆ మాటలో లేదు కనుక, ఎవరికి వారు తాము చేస్తున్నదే చాలుననుకుంటారు. అమెరికాలోని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీ డ్రైవర్లు చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దగ్గరే ఆగిపోయేవారు. గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరుడితో కలిసి 94 శాతమని స్పష్టమైన లక్ష్యం పెట్టించి, చేరకపోయినా శిక్ష ఉండదని చెప్పించారు. 1975లో ప్రచురించిన ఆ పరిశోధన ప్రకారం లోడు మొదటి నెలలో 80 శాతానికి పెరిగి, రెండో నెలలో 70కి పడిపోయింది. శిక్ష లేదన్న మాట ఎంత నిజమో డ్రైవర్లు పరీక్షించారన్నమాట. యాజమాన్యం మాట నిలబెట్టుకుంది, మూడో నెలలో అది 90 దాటింది.

నేను పొరబడింది సరిగ్గా ఆ రెండో నెల దగ్గరే. షిఫ్టుకు ఇన్ని కిలోల నూలని నేనొక్కడినే నిర్ణయించి, ఉత్పత్తి తగ్గిన వారంలో కార్మికులను ఆఫీసుకు పిలిచి మందలించాను. ఆ తర్వాత కిలోలు ఒక్కరోజూ తగ్గలేదు. కానీ శుభ్రం చేయడానికి నూలు వడికే యంత్రాన్ని, అదే ఫ్రేమును, ఆపితే కిలోలు పోతాయని ఎవరూ ఆపలేదు, నూలు ఎగుడుదిగుడుగా వచ్చి నూలు చుట్టిన కోన్లు కొన్నవాళ్ల దగ్గర నుంచి తిరిగివచ్చాయి. వాళ్ల తప్పేమీ లేదు, నేను అడిగింది కిలోలే కదా.

అప్పుడు ఫ్రేముల మధ్యకే వెళ్లి అడిగాను. ఫ్రేము చూసుకునే అనుభవమున్న కార్మికురాలు, ఒక సైడరు, "కరెంటు పోతే కిలోలు మా చేతిలో ఉండవయ్యా, తెగిన పోగు అతకడం మాత్రం మా చేతిలోనిదే" అన్నది. నేను రౌండుకు వచ్చేసరికి ఫ్రేముకు పదికి మించి తెగిన పోగులు ఉండకూడదని ఆమే చెప్పింది, మిగిలినవారూ ఒప్పుకున్నారు. ఫ్రేము చివర నల్లబోర్డు పెట్టించాను. రోజూ ఆమె దూది నుసి అంటిన చేత్తో నిన్నటి అంకె తుడిచి కొత్తది రాసేది. పక్క ఫ్రేము వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు. కిలోల మాట నేనెత్తకుండానే రెండు నెలల్లో అవీ పెరిగాయి.

కనుక ముందు వాళ్ల చేతిలో ఉన్నదేమిటో వాళ్లనే అడుగు. అంకె చెడిన రోజున ఎవరినీ పిలిపించకు. గాలిలో తేమ తగ్గిందేమో, ఫ్రేముకు ఎక్కించే దూది పేట, అదే రోవింగు, బాగా లేదేమో చూసుకో, ఆ తర్వాతే మనిషి దగ్గరకు వెళ్లి ఏమైందని అడుగు. బోర్డు మీద సుద్దముక్క వాళ్ల చేతిలోనే ఉండనీ. మొదటి నెల అయ్యాక ఎలా ఉందో నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య