చేరే ముందు అక్కడ చదువుతున్న వాళ్ళతో మాట్లాడమ్మా

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ప్రైవేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వచ్చింది, 15 రోజుల్లో ఫీజు కట్టమంటున్నారు, చేరమంటావా పిన్నీ అని అడిగావు. చేరమని గానీ వద్దని గానీ నేను చెప్పలేను, ఎందుకంటే ఒకే యూనివర్సిటీలో, ఒకే అంతస్తులో, పక్కపక్క గదుల్లో చదివిన ఇద్దరిలో ఒకరికి అది జీవితంలో మంచి కాలం, ఇంకొకరికి పీడకల కావడం నా కళ్ళతో చూశాను. నేనూ అలాంటి చోటే 6 ఏళ్ళు చదివాను. ఆ తర్వాత 11 ఏళ్ళుగా పిల్లల చేత థీసిస్‌లు రాయిస్తున్నాను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలను.

ముందు ఆ బ్రోచర్ పక్కన పెట్టు. నువ్వు బతకబోయేది ఒక గైడుతో, ఒక ల్యాబులో, నలుగురైదుగురు స్కాలర్లతో. కాబట్టి ఇప్పుడు అక్కడ చదువుతున్న వాళ్ళని పట్టుకో. మొదటి ఏడాది వాళ్ళని అడిగితే అంతా బాగుందనే అంటారు, అందులో అబద్ధమేమీ లేదు, వాళ్ళకింకా కోర్సువర్కే అయ్యుండదు. నీకు కావలసింది మూడో ఏడాది దాటిన వాళ్ళు, వీలైతే మధ్యలో మానేసి వెళ్ళిపోయిన వాళ్ళు ఒకరిద్దరు. 'మీ గైడు మంచివారేనా' అని అడగకు, ఆ ప్రశ్నకు ఎవరూ నిజం చెప్పరు. రాసిచ్చిన చాప్టర్ ఎన్ని వారాలకు చదివి వెనక్కిస్తారు? చివరిసారి కూర్చుని మాట్లాడింది ఎప్పుడు? ఆయన దగ్గర చేరిన వాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారు, ఎన్నేళ్ళు పట్టింది? స్టైపెండ్ నెలనెలా టైముకి పడుతోందా? ఇవి అడుగు. ముగ్గురితో మాట్లాడితే చాలు, నీకే ఒక రూపం కనపడుతుంది.

ఇక నా సంగతి. రెండో ఏడాది మధ్యలో మా గైడు గారు వేరే చోటికి వెళ్ళిపోయారు. ఆవిడ తప్పేమీ లేదు, కాంట్రాక్టు ముగిసింది, వీళ్ళు పొడిగించలేదు. కానీ నా పేరు ఎవరి కింద రాయాలో డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియక 8 నెలలు నేను ఎవరికీ చెందని స్కాలర్‌గా తిరిగాను. తర్వాత వచ్చినాయన నా టాపిక్ తనకు రాదని, మార్చుకోమని అన్నారు. ఏడాదిన్నర చదువు, నోట్సు, శాంపిళ్ళు అన్నీ అట్టపెట్టెల్లో పెట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే చెబుతున్నాను, చేరిన మొదటి సెమిస్టర్‌లోనే కో-గైడుని అధికారికంగా రిజిస్టర్ చేయించుకో. నోటిమాటగా 'నేనున్నాలే' అనేవాళ్ళు కాదు, కాగితం మీద పేరు ఉండాలి. గైడు కాంట్రాక్టు మీద ఉన్నారా, పర్మనెంటా అని అడగడానికి మొహమాటపడకు.

డబ్బు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. చాలా ప్రైవేట్ యూనివర్సిటీలకు ఫీజులే ప్రధాన ఆదాయం, కాబట్టి నిన్ను చేర్చుకునేటప్పుడు మాట్లాడే మనిషికీ, మూడేళ్ళ తర్వాత అకౌంట్స్‌లో కూర్చునే మనిషికీ సంబంధం ఉండదు. నాకు చదువు అయ్యేదాకా ఫీజు మాఫీ అన్నారు. ఆఫర్ లెటర్‌లో మాత్రం 'ఏటా సమీక్షకు లోబడి' అని చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. మూడో ఏడాది మాఫీ సగానికి తగ్గించి, మిగతా సగానికి అదనంగా క్లాసులు చెప్పమన్నారు. వారానికి 18 గంటలు పాఠాలు చెబుతూ ప్రయోగాలు చేసుకోవడం ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇప్పుడే ఇమెయిల్‌లో అడుగు: స్టైపెండ్ ఏడాదికి 12 నెలలా, 9 నెలలా? మాఫీ ఎన్నేళ్ళు, ఏ షరతు మీద? వారానికి ఎన్ని గంటలు బోధించాలి? చెప్పిన గడువు దాటితే ఏటా ఎంత కట్టాలి, థీసిస్ సమర్పించేటప్పుడు విడిగా ఫీజు ఉందా, మానేస్తే ఎంత వెనక్కిస్తారు? ఫోన్‌లో చెప్పారనుకో, ఆ సాయంత్రమే 'మీరు ఇలా అన్నారు, సరేనా' అని మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకో.

ఇదంతా చదివి భయపడకు. నాకు అక్కడ దొరికిన మంచి తక్కువేమీ కాదు. మా బ్యాచ్‌లో ఏడుగురమే, ఏ ప్రొఫెసర్ తలుపైనా తట్టొచ్చు. పరికరం పాడైతే సంతకాల కోసం నెలలు తిరగక్కర్లేదు, వారంలో మనిషి వచ్చేవాడు. లైబ్రేరియన్ గారు నేను అడిగిన ప్రతి పాత వ్యాసాన్నీ ఎక్కడెక్కడి నుంచో తెప్పించి ఇచ్చారు, నా థీసిస్ రెండో చాప్టర్ ఆవిడ పుణ్యమే. ఇలాంటివి మంచి సంస్థలో నిజంగా ఉంటాయి, అందుకే వెళ్ళి చూడమంటున్నాను.

గుర్తింపు సంగతి వాళ్ళ వెబ్‌సైట్‌లో కాదు, గుర్తింపు ఇచ్చే సంస్థ సొంత జాబితాలోనే చూడు. యూనివర్సిటీకి ఉంటే చాలదు, నీ కోర్సుకి ఉందా అన్నది కూడా.

జర్నల్స్‌లో అచ్చయ్యే పరిశోధన పేపర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా స్కాలర్లు ఎక్కువగా ఏడ్చేది ఇక్కడే. పని నీది, మొదటి పేరు ఇంకెవరిదో అవుతుంది. ఐసీఎంజేఈ అని వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఒకటుంది, రచయితగా పేరు వేయడానికి వాళ్ళు నాలుగు షరతులు పెట్టారు: పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, తప్పు వస్తే జవాబుదారీ కావాలి. నాలుగూ ఉంటేనే. నీ సబ్జెక్ట్ వైద్యం కాకపోయినా అది చూపించి, పని మొదలుకాక ముందే ఎవరి పేరు ఎక్కడ అని గైడుతో మాట్లాడుకో. పని అయ్యాక అడిగితే గొడవ అంటారు, ముందు అడిగితే పద్ధతి అంటారు. డబ్బిస్తే వారంలో అచ్చేస్తామనే జర్నల్స్ జోలికి పోకు, డిపార్ట్‌మెంట్‌లో అందరూ అలాగే చేస్తున్నా సరే. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగేది అయితే, డీఓఏజేలో ఉందో లేదో చూడు, అలాంటి జర్నల్స్‌ని పరిశీలించి చేర్చే జాబితా అది, 2003 నుంచీ ఉంది. ఫలానా పేపర్ నీదేనని గుర్తుపట్టడానికి పరిశోధకులకిచ్చే ఆర్కిడ్ నంబర్ ఉచితంగానే దొరుకుతుంది, అది కూడా మొదటి నెలలోనే తీసుకో, 16 అంకెలు ఉంటాయి, యూనివర్సిటీ మారినా నీతోనే వస్తుంది. యూనివర్సిటీ మెయిల్ అలా రాదు, నువ్వు బయటికొచ్చాక ఆపేయొచ్చు, కాబట్టి ముఖ్యమైన ఉత్తరాలన్నీ సొంత మెయిల్‌కి పంపుకుంటూ ఉండు. డేటా అయితే మూడు చోట్ల దాచుకో, అందులో ఒకటి ఇంకో ఊళ్ళోనో క్లౌడ్‌లోనో ఉండాలి.

మూడో ఏడాది చివర్లో ఒక నిస్సత్తువ వస్తుంది. వాడి పేపర్ వచ్చింది, దీని వైవా అయిపోయింది, నేనే ఇక్కడ ఉండిపోయానని టెన్షన్. నాకు వచ్చింది, నా పిల్లలందరికీ వచ్చింది. అప్పుడు మాత్రం ఒక్కదానివే గదిలో కూర్చోకు. నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. నిజంగా పడకపోతే మానేసి రావడం కూడా ఒక దారే, మీ అమ్మకి నేను చెబుతాను.

ఆ ఆఫర్ లెటర్ ఫోటోలు అన్ని పేజీలూ పంపు, వెనకవైపు కూడా. ఈలోగా ఆ ల్యాబులో మూడో ఏడాది వాళ్ళ నంబర్లు రెండైనా సంపాదించు. ఆదివారం పొద్దున్న కూర్చుని ఫీజు వాళ్ళకి ఏం రాయాలో ఇద్దరం కలిసి రాద్దాం, గడువు ఇంకో వారం పొడిగించమని కూడా అందులోనే అడుగుదాం.

ప్రేమతో,
పిన్ని