పాఠకుల ప్రశ్నలు: రూటరు భద్రతకు పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో నెట్‌వర్క్ నిర్వహణ నా బాధ్యత. 2023లో సిస్కో కంపెనీ రూటర్లలో బయటపడిన ‘ప్రివిలేజ్ ఎస్కలేషన్’ (లేని అధికారాన్ని చేజిక్కించుకోవడం) లోపం గురించి ఇటీవల చదివాను. బలమైన పాస్‌వర్డ్ పెట్టుకొని, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉంటే సరిపోదా? అనుమానం వచ్చినప్పుడు రీబూట్ చేస్తే చాలని ఒక మిత్రుడు అంటున్నాడు, అది నిజమేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా మీ మిత్రుడి సలహా గురించి చెబుతాను, ఎందుకంటే దానిని నమ్మితే నష్టం ఎక్కువ. ఆ లోపాన్ని వాడుకొని 2023లో చేసిన దాడుల్లో రూటరులోకి చొప్పించిన దొంగ ప్రోగ్రాం రీబూట్‌తో చెరిగిపోయేది, అయితే దాడిచేసినవారు దానికి ముందే సృష్టించుకున్న యూజర్ ఖాతాలు మాత్రం రీబూట్ తరువాత కూడా చెక్కుచెదరకుండా ఉండేవి. వారు ఆ ఖాతాలతో మళ్ళీ దర్జాగా లాగిన్ కాగలిగేవారు.

సిస్కో రూటర్లలో అధికార స్థాయిలు 0 నుంచి 15 వరకు ఉంటాయి. సాధారణంగా లాగిన్ అయినవారికి లభించేది 1వ స్థాయి కాగా, 15వ స్థాయి దక్కినవారు రూటరు కాన్ఫిగరేషన్ మొత్తాన్ని మార్చగలరు. తక్కువ అధికారం ఉన్నవారు గానీ, ఏ అధికారమూ లేని బయటివారు గానీ సాఫ్ట్‌వేర్‌లోని తప్పును ఆసరా చేసుకొని పై స్థాయిని చేజిక్కించుకోవడమే ప్రివిలేజ్ ఎస్కలేషన్. మీరు చదివిన లోపం, అంటే సీవీఈ-2023-20198 (సీవీఈ అనేది భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సిస్కో రూటర్లను నడిపే ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్‌లోని వెబ్ ఇంటర్‌ఫేస్‌లో, అంటే బ్రౌజర్ ద్వారా రూటరును నిర్వహించే పేజీలో ఉంది. దాని ద్వారా ఏ పాస్‌వర్డూ తెలియని వ్యక్తి ఇంటర్నెట్ నుంచే 15వ స్థాయి ఖాతాను సృష్టించుకోగలిగాడు. ఆ తరువాత సీవీఈ-2023-20273 అనే రెండో లోపంతో రూట్ అధికారం, అంటే పరికరంపై పూర్తి ఆధిపత్యం సంపాదించి, దొంగ ప్రోగ్రామును రాసిపెట్టాడు. మొదటి లోపానికి తీవ్రత సూచిక 10కి 10. పాస్‌వర్డ్‌ను అడగవలసిన చోటే తప్పు ఉన్నప్పుడు ఆ పాస్‌వర్డ్ ఎంత పొడవుగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

ఇక అప్‌డేట్ల విషయం. ఈ లోపాన్ని సిస్కో 2023 అక్టోబర్ 16న వెల్లడించింది, సరిచేసిన మొదటి వెర్షన్ అక్టోబర్ 22న వచ్చింది. అయితే దాడుల ఆనవాళ్ళు సెప్టెంబర్ 18 నాటికే ఉన్నాయి. అంటే అన్ని అప్‌డేట్లూ శ్రద్ధగా చేసిన నిర్వాహకుడికి కూడా నెల రోజులకు పైగా రక్షణ లేదు. ఆ కాలంలో క్షేమంగా ఉన్నవి వెబ్ ఇంటర్‌ఫేస్‌ను ఇంటర్నెట్‌కు తెరచి ఉంచని రూటర్లే. అందువల్ల అప్‌డేట్ కంటే ముందు చేయవలసింది ఆ తలుపు మూయడమేనని నా అభిప్రాయం. వెబ్ ఇంటర్‌ఫేస్ అవసరం లేకపోతే ‘నో ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్’, ‘నో ఐపీ హెచ్‌టీటీపీ సెక్యూర్-సర్వర్’ అనే రెండు ఆదేశాలూ ఇచ్చి, కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయండి. సేవ్ చేయడం మరచిపోతే తరువాతి రీబూట్‌తో ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. అవసరమైతే యాక్సెస్ లిస్ట్ (ఎవరిని అనుమతించాలో చెప్పే జాబితా) పెట్టి, నిర్వహణకు వాడే ఒకటి రెండు కంప్యూటర్లకే అనుమతి ఇవ్వండి. విద్యార్థుల వైఫై నుంచి రూటరు నిర్వహణ పేజీ ఎట్టి పరిస్థితిలోనూ తెరుచుకోకూడదు.

అప్‌డేట్ రంధ్రాన్ని పూడుస్తుందే తప్ప, అప్పటికే లోపల చేరినవారిని వెళ్ళగొట్టదు. కాబట్టి ఖాతాల జాబితాను స్వయంగా చూడండి. నాటి దాడుల్లో ‘సిస్కో_సపోర్ట్’ వంటి పేర్లతో ఖాతాలు తెరిచారు, చూసినవారు కంపెనీ ఖాతాయే కాబోలు అని వదిలేయాలన్నదే వారి ఎత్తు. వారి జాగ్రత్త అక్కడితో ఆగలేదు. దొంగ ప్రోగ్రాం సోకిన రూటర్ల సంఖ్య 2023 అక్టోబర్ 21, 22 ప్రాంతంలో హఠాత్తుగా పడిపోయినట్టు కనిపించింది. తీరా చూస్తే, ప్రత్యేక సంకేతం పంపితే తప్ప జవాబివ్వకుండా దొంగ ప్రోగ్రామునే మార్చేశారని నెదర్లాండ్స్‌కు చెందిన ఫాక్స్-ఐటీ సంస్థ గుర్తించింది. కొత్త పద్ధతిలో వెతికితే 37 వేలకు పైగా పరికరాలు బయటపడ్డాయి. బయటినుంచి చేసే ఒక్క పరీక్షను నమ్ముకోవద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. రూటరు లాగ్‌లను (జరిగిన పనుల నమోదులను) వేరే సర్వర్‌కు పంపి భద్రపరచండి, కాన్ఫిగరేషన్ పాత ప్రతిని నేటిదానితో నెలకోసారైనా పోల్చండి. 15వ స్థాయి ఖాతా ఇద్దరు ముగ్గురికి మించి ఉండకూడదు, అదికూడా ఎవరిది వారికే విడిగా ఉండాలి.

ప్రశ్న: ఇంట్లో వాడుకునే చిన్న రూటరుకు కూడా ఇవన్నీ అవసరమా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అన్నీ అవసరం లేదు. సెట్టింగుల్లో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ (బయటినుంచి రూటరును నిర్వహించే వీలు) అనేది ఆన్‌లో ఉంటే ఆపివేయండి, రూటరుతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చండి, ఫర్మ్‌వేర్ (రూటరులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌ను ఆటోమేటిక్‌గా పెట్టండి. తయారీదారు అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పాత రూటరు అయితే, అది బాగానే పనిచేస్తున్నా సరే, మార్చేయండి.