టెక్ సందేహాలు: బీరువాలో జాకెట్ ముక్కలు, ఫోన్లో బొంత

ఈసారి ఫోన్ హ్యాంగ్ అవుతోందన్న ప్రశ్నల కంటే బొంతల ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. ఇంట్లో ఉన్న ముక్కలతోనే పైపొర కుట్టాలనుకునేవాళ్లు అడిగినవి ఇవి. అన్నీ ఒకేచోట ఇస్తున్నాను.

పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు, కుర్తాలు కుట్టించగా మిగిలిన బట్టలు బీరువా నిండా ఉన్నాయి. ఆరంగుళాల చదరాలతో సింగిల్ కాట్ బొంత కుట్టాలని ఉంది. ఉన్న బట్ట సరిపోతుందో లేదో చెప్పే యాప్ ఉందా? ఎలక్ట్రిక్ క్విల్ట్ 8 కొనమని ఒకరు చెప్పారు. – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

ఇప్పుడే కొనకండి. ఎలక్ట్రిక్ క్విల్ట్ 8 మంచి సాఫ్ట్‌వేరే. విండోస్‌లో, మ్యాక్‌లో పనిచేస్తుంది. డిజైన్ గీసి, బట్టల ఫొటోలు అందులో నింపి చూసుకోవచ్చు. ఈ డిజైన్‌కు ఏ రంగు బట్ట ఎంత కావాలో కూడా చెబుతుంది. అయితే అది షాపులో థానులోంచి కోయించుకునేవాళ్లకు పనికొచ్చే లెక్క. మీ ప్రశ్న దానికి తిరగేసినది. ఉన్న బట్టతో ఏం చేయొచ్చన్నది మీకు కావాలి. దానికి గూగుల్ షీట్స్ చాలు, ఖర్చు లేదు.

ముందు బట్టలన్నీ తడిపి ఆరేయండి. కాటన్ కుంచించుకుపోతుంది. కలంకారీ, ముదురు ఎరుపు ఇకత్ లాంటివి రంగు వదలొచ్చు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తే తెలిసిపోతుంది. తర్వాత ఇస్త్రీ చేసి, అంచులు తీసేసి, అప్పుడు టేపు పట్టండి. ఒక్కో ముక్కకు ఒక నంబరు ఇచ్చి, మాస్కింగ్ టేప్ మీద రాసి అంటించండి. షీట్‌లో నంబరు, ఫొటో, అడ్డం, నిలువు, బట్ట రకం, తడిపామా లేదా అని ఆరు కాలమ్‌లు పెట్టండి. బట్ట రకం కాలమ్ ఎందుకంటే, టూ బై టూ రూబియా పక్కన మందపాటి చేనేత కుడితే ఒకటి లాగుతుంది, ఇంకొకటి ముడతపడుతుంది.

ఇక అసలు లెక్క. చాలామంది బట్ట వైశాల్యాన్ని చదరం వైశాల్యంతో భాగిస్తారు. అక్కడే దెబ్బతింటారు. ముప్పై ఆరంగుళాల పన్నాలో ఎనభై సెంటీమీటర్ల జాకెట్ ముక్క తడిసి, అంచులు పోయాక 34 అంగుళాల అడ్డం, 30 అంగుళాల నిలువు మిగిలిందనుకోండి. ఆరంగుళాల చదరానికి నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి 6.5 అంగుళాలు కత్తిరించాలి. వైశాల్యం లెక్కన 24 చదరాలు రావాలి. నిజానికి అడ్డంగా 5, నిలువుగా 4, మొత్తం 20 మాత్రమే వస్తాయి. మిగిలింది పీలికలు.

60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు పైపొరకు వరుసకు 10 చొప్పున 15 వరుసలు, అంటే 150 చదరాలు కావాలి. వైశాల్యం లెక్క నమ్మితే ఇలాంటి 7 ముక్కలకు 168 వస్తాయని నిశ్చింతగా ఉంటారు. కత్తిరించాక చేతికొచ్చేవి 140. మరో పది చదరాలకు అదే ప్రింటు వెతుక్కుంటూ జనరల్ బజార్‌లో తిరగాలి. దొరకదు.

షీట్‌లో ఇంట్ (INT) అనే ఫంక్షన్ ఉంటుంది. భాగించగా వచ్చిన దాంట్లో దశాంశం తీసేసి పూర్ణసంఖ్య ఒక్కటే ఉంచుతుంది. అడ్డాన్ని చదరం కొలతతో భాగించి ఇంట్, నిలువును అలాగే భాగించి ఇంట్, రెండిటినీ గుణించండి. చదరం కొలతను మాత్రం ఫార్ములాలో కాకుండా విడిగా ఒక గడిలో పెట్టండి. అది మార్చగానే లెక్క అంతా మారాలి. ఉదాహరణకు అందులో 5.5 వేసి చూడండి. ఒక్కో ముక్కకు 30 చొప్పున ఏడింటికి 210 వస్తాయి. ఐదంగుళాల చదరాలతో ఇదే కొలత బొంతకు కావాల్సినవి 216. ఆ ఆరు చదరాలు కుర్తా మిగుళ్లలోంచి రావా? కుట్టు పని పెరుగుతుంది, నిజమే. కానీ బట్ట కొనక్కర్లేదు.

ఎరుపు, ఆకుపచ్చ పోచంపల్లి ముక్కలు పక్కపక్కన పెడితే అదిరిపోయాయి. కుట్టి దూరం నుంచి చూస్తే అంతా ఒకే ముద్దలా ఉంది. కుట్టకముందే తెలుసుకునే యాప్ ఉందా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

మీ ఫోన్లో ఇప్పటికే ఉంది. ముక్కలన్నీ మంచం మీద పరిచి ఒక ఫొటో తీసి, ఎడిట్‌లోకి వెళ్లి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేయండి. రంగు వేరైనా ముదురు, లేత ఒకే స్థాయిలో ఉంటే రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ ఇలా మోసం చేసే జంట. డిజైన్ దూరానికి కనపడేది ముదురు, లేతల తేడాతోనే. వందల ఫీచర్లున్న బొంత యాప్‌లు చాలా చూశాను. ఈ ఫిల్టర్ అంత పని ఏదీ చేయదని నా అభిప్రాయం.

ముక్కల్ని లేత, మధ్యరకం, ముదురు అని మూడు కుప్పలు చేసి, షీట్‌లో ఇంకో కాలమ్ వేసి రాసుకోండి. ఫొటో మాత్రం పగటిపూట కిటికీ దగ్గర తీయండి, ఎండ నేరుగా పడకూడదు. ఫ్రేమ్ నిండా పసుపు బట్టే ఉంటే కెమెరా వెలుతురే పసుపు అనుకుని రంగును నీలం వైపు లాగేస్తుంది. పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టండి. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర నిలిపేయండి. అప్పుడు అన్ని ముక్కల ఫొటోలూ ఒకేలా వస్తాయి.

ఇంటర్నెట్‌లో దొరికిన పీడీఎఫ్ టెంప్లేట్‌ను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. ఆరున్నర అంగుళాలు ఉండాల్సిన చదరం తక్కువ వచ్చింది. ఫైల్ తప్పా, ప్రింటర్ తప్పా? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

రెండూ కాదు, మధ్యలో ఉన్న సెట్టింగ్ తప్పు. ఆ టెంప్లేట్లు ఎక్కువగా అమెరికా లెటర్ సైజు కాగితానికి చేసినవి. దాని వెడల్పు 215.9 మిల్లీమీటర్లు. మన ఏ4 వెడల్పు 210. ఫిట్ అన్న ఆప్షన్ ఉంటే పేజీని కుదించి 97 శాతం చేస్తుంది. అంచుల్లో మార్జిన్ వదిలితే ఇంకా తగ్గుతుంది. 97 శాతానికే ఆరున్నర కాస్తా 6.3 అవుతుంది.

షాపులో అబ్బాయికి స్కేల్ 100 అనో, యాక్చువల్ సైజ్ అనో స్పష్టంగా చెప్పండి. రద్దీలో వినిపించుకోరు, స్క్రీన్ చూసి నిర్ధారించుకోండి. ముందు ఒక్క పేజీయే తీయించండి. మంచి టెంప్లేట్లలో ఒక అంగుళం టెస్ట్ చదరం ఉంటుంది, దాన్ని అక్కడే స్కేలుతో కొలవండి. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపారంటే మాత్రం కొలతల సంగతి మర్చిపోవాల్సిందే. పీడీఎఫ్‌గానే పంపండి.

చదరాలన్నీ సరిగ్గానే కత్తిరించాను. పది కలిపి కుడితే వరుస అంగుళం తక్కువ వచ్చింది. ఫోన్లోని కొలత యాప్‌తో చూసినా తక్కువే. – ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

కొలత యాప్‌ను సోఫా పడుతుందో లేదో చూసుకోవడానికి ఉంచండి, బట్టకు వద్దు. మీ విషయంలో తేడా కుట్టులో ఉంది. ఒక్కో కుట్టు పావు అంగుళం కంటే పదహారో వంతు అంగుళం లోపలికి పోయినా, రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు తగ్గుతుంది. పది చదరాలకు తొమ్మిది కుట్లు. కలిపితే అంగుళం దాటుతుంది. రెండున్నర అంగుళాల పీలికలు మూడు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. నడిమిది సరిగ్గా రెండంగుళాలు రావాలి. వచ్చేదాకా సూది నుంచి పావు అంగుళం దూరంలో మెషిన్ ప్లేటు మీద అంటించిన టేప్‌ను జరుపుతూ సరిచేసుకోండి.

అన్నట్టు, సైజు తెలియడానికి ఏటీఎం కార్డు పక్కన పెట్టి బట్టల ఫొటోలు గ్రూపుల్లో పెడుతున్నవాళ్లున్నారు. దయచేసి మానండి. పక్కన పెట్టడానికి ఓ చెక్క స్కేలు దొరకదా?

ఏఐని అడిగితే బొంత డిజైన్ బొమ్మ ఇచ్చింది. అచ్చం అలాగే కుట్టొచ్చా? – ఒక పాఠకురాలు, అల్వాల్

రంగుల ఐడియాకు చూడండి, కుట్టడానికి కాదు. దగ్గరగా చూస్తే ఆ బొమ్మల్లో చాలాసార్లు త్రికోణాల మొనలు కలవవు, ఒక వరుసలో ఉన్నన్ని చదరాలు ఇంకో వరుసలో ఉండవు. షీట్‌లో ఫార్ములా రాయించుకోవడానికి ఏఐ బాగా పనికొస్తుంది. వచ్చిన అంకెను మాత్రం ఒక ముక్క మీద చేత్తో లెక్కేసి సరిచూసుకోండి.

మనవరాలి బారసాలకు బొంత కుట్టాను. మూల మీద పాప పేరు తెలుగులో ఎంబ్రాయిడరీ చేయాలి. మెషిన్‌లో ఇంగ్లీష్ అక్షరాలే ఉన్నాయి. – ఒక పాఠకురాలు, నాచారం

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్, దానికి తోడు గీతల్ని కుట్లుగా మార్చే ఇంక్ స్టిచ్ ఎక్స్‌టెన్షన్ కంప్యూటర్లో వేసుకోండి, రెండూ ఉచితమే. పేరు తెలుగులో టైప్ చేసి, రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ పెట్టి, ఆబ్జెక్ట్ టు పాత్ చేయండి, అంటే అక్షరాల్ని గీతలుగా మార్చండి. తర్వాత ఇంక్ స్టిచ్‌లో కుట్లుగా మార్చి, మీ మెషిన్ చదివే ఫార్మాట్‌లో సేవ్ చేయండి. జనోమ్‌కైతే జెఫ్ (JEF), బ్రదర్‌కైతే పెస్ (PES). వత్తులు, గుడులు సన్నబడితే దారం ముద్దవుతుంది కాబట్టి అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉంచి, ముందు పాత గుడ్డ మీద ఒకసారి కుట్టించి చూడండి. పెన్‌డ్రైవ్‌ను మెషిన్ గుర్తించకపోతే ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన చిన్న పెన్‌డ్రైవ్ వాడండి. ఫార్మాట్ చేస్తే అందులోని ఫొటోలన్నీ పోతాయి, ముందే కాపీ చేసుకోండి.